పాత కుంపటి, కొత్త ఇల్లు

(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



ఉగాది పచ్చడి తిని, పంచాంగము విని కూర్చున్న మీకు ఇనుప కుంపటిని గూర్చి ప్రసంగమేమిటని నవ్వు రావచ్చు. అగ్గిపెట్టెలకు పేరుపడిన కోవిల్‌పట్టిలో నిప్పు సంగతి చెప్పబోవుట మరీ విడ్డూరము. అయినా కారణముండే ఈ విషయము తీసుకొన్నాము. ఇక్కడినుండి విరుదునగరుదాకా ఉన్న 50 కిలోమీటర్లలో మన ఇండ్లకు పాత పోత ఇనుప కుంపట్లు మరల వచ్చి చేరుతున్నవి. కొందరు కారైక్కుడి మునీశ్వరన్ కోవిల్ వీధిలోని పాత సామాన్ల కొట్లలో బేరమాడి తెస్తున్నారు. కొందరు తూకపు ఇనుములో ఏరి తెస్తున్నారు. అమ్మమ్మ వాడిన వస్తువుమీద మోజు కలుగుట సహజమే. మాకూ ఉన్నది.

మనము కుంపటి అంటాము, పొరుగు తమిళులు కుముట్టి అడుప్పు అంటారు. మాటలు అక్కచెల్లెళ్లవలె ఉన్నవి. కాని అంగడిలో ఆ పేరుతో రెండు వేరువేరు జాతుల పొయ్యిలు కనబడుతవి. వాటి తేడా ముందు తెలియవలెను. పైన వెడల్పుగా తెరచి, నడుమ చువ్వలు, క్రింద బూడిద రాలే చిన్న తలుపు ఉన్నది కొయ్యబొగ్గు కుంపటి. పైన మూతలు, ముందు తలుపు, వెనుక పొగగొట్టము బిగించే మెడ ఉన్న బరువైన పెట్టె రాతిబొగ్గు కొరకు చేసినది. ఇది పూర్వము దొరల బంగళాలలో వాడినది. రాతిబొగ్గునే మనవారు రాక్షసిబొగ్గు అన్నారు. 1889లో ఇల్లెందులో త్రవ్వకము మొదలైన సింగరేణి బొగ్గు ఆ జాతిదే. ఆ పేరు ఊరకే పెట్టలేదు. దాని పొగలో గంధకపు ఘాటు ఉంటుంది, గొట్టము లేనిదే ఇంటిలో కాల్చరాదు. గొట్టము పోయిన అటువంటి పెట్టె దొరికితే దానిమీద పూలకుండీ పెట్టుకొనుడు, వంట తలపెట్టవద్దు.

ఇక కొనేటప్పటి పరీక్ష. పోత ఇనుములో నూటికి 2 నుండి 4 పాళ్ళ కర్బనము ఉంటుంది. అందువలన అది సుమారు 1200 డిగ్రీల వేడికే కరిగి అచ్చులోనికి చక్కగా పారుతుంది. అందువలననే పెళుసు కూడా. వంగదు, పగులుతుంది. కాబట్టి కుంపటిని నేలనుండి ఎత్తి పట్టించి చిన్న సుత్తితో మెల్లగా తట్టుడు. ఖంగుమని మోగితే మంచిది. బొద్దుగా పలికితే ఎక్కడో బీట ఉన్నది. పైన ఎర్రని త్రుప్పు ఉన్నంతమాత్రాన వదలిపెట్టనక్కరలేదు; తీగ కుంచెతో రుద్ది, నువ్వులనూనె పలుచగా పట్టించి, సన్నని సెగమీద కాచితే పోతుంది. అనుమానించవలసినది కొత్తగా నల్లరంగు పూసి తళతళలాడేదానిని. ఆ రంగుక్రింద మెత్తిన బీటలు ఉండవచ్చు. పాత రంగులలో సీసము కలిసి ఉండుట కద్దు కనుక పిల్లలున్నచోట దానిని పొడిగా గీకరాదు. చువ్వలు అన్నిటికన్న ముందు కాలిపోయే భాగము. అవి కుంగి ఉంటే ధర తగ్గించమని అడుగుడు, పోతపనివారిచేత మరల పోయించుకోవచ్చు. ఒంటిలో బీట ఉన్నదానిని మాత్రము ఎంత చవుకైనా కొనవద్దు.

బొగ్గుకు మనకు కరవు లేదు. ఇడైచేవల్‌లో తెలుగింట పుట్టి, తమిళములో వ్రాసి, 1991లో సాహిత్య అకాడమీ బహుమానము పొందిన కి. రాజనారాయణన్‌గారు మన పూర్వులు దక్షిణానికి వలసవచ్చిన కథను ‘గోపల్ల గ్రామము’ నవలలో చెప్పినారు. ఈ నల్లరేగడిలో మనవలె వలసవచ్చిన చెట్టు ఒకటి ఉన్నది. తమిళులు సీమై కరువేలం అంటారు, ఆంధ్రదేశములో సర్కారు తుమ్మ అంటారు. పశ్చిమ ఖండపు ఆ చెట్టును 1877లో మన కడపజిల్లా కమలాపురములో నాటినారు. నేడు దానిని పెరికివేయవలెనని కోర్టులదాకా వాదములు నడిచినవి. పెరికిన కట్టె విరుదునగరు, రామనాథపురము జిల్లాల పల్లెలలో బొగ్గు అవుతున్నది. కట్టెను పేర్చి, ఆకుతో, మట్టితో కప్పి, రోజుల తరబడి లోలోన మగ్గనిస్తారు. ఒక కిలో బొగ్గుకు నాలుగైదు కిలోల కట్టె పోతుంది. ఇది తెలిసినవారు కుంపటి నిండా బొగ్గు పోసి వృథా చేయరు. బాగా మగ్గిన ముక్క తేలికగా ఉండి, విరిస్తే లోపల కూడా నల్లగా మెరుస్తుంది. లోపల గోధుమరంగు కనబడితే అది పచ్చిబొగ్గు, కండ్లు మండిస్తుంది.

వెలిగించుటకు కొబ్బరిపీచు, చిప్పముక్క చాలు, కిరసనాయిలు పోయరాదు. మొదటి రెండు మూడు మారులు చిన్న నిప్పుతో కాచి ఇనుమును మెల్లగా వేడికి అలవాటు చేయవలెను. కాలే కుంపటిమీద నీరు మాత్రము చిలకరించరాదు. తటాలున చల్లబడి బీటవారుతుంది. నిప్పు నిలకడగా పట్టినపిదప వంకాయను కాల్చి చూడుడు. గ్యాసుమీద పైతొక్క మాడి లోపల పచ్చిగా ఉండేది, ఇక్కడ తొడిమదాకా ఉడుకుతుంది. పప్పు అలా పెట్టి మరచిపోవచ్చు. అప్పడము సంగతి చెప్పనే అక్కరలేదు.

ఇంతవరకు రుచి సంగతి. మేము లేచి నిలుచున్నది దీనికొరకు కాదు.

మన ఇండ్లలో బాలింత మంచము క్రింద కుంపటి పెట్టుట, పసిబిడ్డకు సాంబ్రాణి పొగ వేయుట పాత ఆచారము. అయిప్పశి, కార్తీక వానలలో తడిబట్టలు ఆరుటకు కూడా కుంపటిని గదిలోనికి తెస్తారు. మా ఎరుకలోని ఒక ఇంట ఇట్లే జరిగినది. వాన చల్లదనము తగులకుండ తలుపు బిగించి, కిటికీ అద్దము దించి, తల్లీబిడ్డలను పడుకోబెట్టినారు. పాలకని లేచిన అత్తగారు కోడలు ఎంత పిలిచినా సరిగా పలుకకపోవుట చూచి తలుపులు బార్లా తెరచి బయటికి మోయించినది. ఇద్దరూ బ్రతికినారు. మా నాయనమ్మలు పెట్టలేదా అని ఆ ఇంటివారే తరువాత అడిగినారు. పెట్టినారు, పెంకుటింటిలో పెట్టినారు. పెంకుల సందులనుండి, నడవలోనుండి గాలి రేయింబవళ్ళు ఆడేది. నేటి గది కాంక్రీటు కప్పు, అద్దపు కిటికీ, ఏసీ యంత్రము కొరకు మూసిన సందులు. అంగడివాడు పాత కుంపటిని అమ్ముతాడుగాని పాత ఇంటిని అమ్మడు.

కాలే బొగ్గునుండి కార్బన్ మోనాక్సైడు అనే వాయువు పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. నెత్తురులోని హీమోగ్లోబినుకు ప్రాణవాయువుకన్న 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకొంటుంది. తలనొప్పి, వికారము, మగత కలుగుతవి. నిద్రలో ఉన్నవారికి అవి కూడా తెలియవు. ఉత్తరదేశములో చలికాలమునందు మూసిన గదిలో అంగీఠీ పెట్టుకొని నిద్రించినవారి మరణములు ఏటేటా పత్రికలలో పడుతున్నవి. పొగ లేదుగదా అని ధైర్యపడరాదు. పొగ పోయి ఎర్రగా కణకణలాడేటప్పుడు కూడా ఆ వాయువు వెలువడుతూనే ఉంటుంది. నివురు గప్పిన నిప్పు కూడా అంతే. కనుక కుంపటి పెరటిలోనో, మూడువైపుల గాలి ఆడే వసారాలోనో ఉండవలెను. పడకగదికి ఎన్నడూ రాకూడదు. ఒక కిటికీ తెరచితే చాలుననుకొనవద్దు. బాలింతకు వెచ్చదనము కావలెనంటే వేడినీళ్ళ సంచి ఉన్నది, దుప్పటి ఉన్నది.

ఎవరైనా సొమ్మసిల్లితే ముందు బయటిగాలికి చేర్చి 108కి ఫోను చేయవలెను, గదిలో కుంపటి ఉండినదని వైద్యునికి తప్పక చెప్పవలెను. 2020, 2021 సంవత్సరములలో మనమందరము కొన్న వ్రేలి ఆక్సీమీటరును ఇక్కడ నమ్మవద్దు. అది ఈ వాయువు అంటిన నెత్తురును ప్రాణవాయువు అంటినదిగానే చదివి, అంకె బాగున్నదని చూపుతుంది.

మండపము వెనుక పెరటిలో మధ్యాహ్నమునుండి ఒక పాత కుంపటి వెలిగించి ఉంచినాము. చువ్వలు, బూడిద తలుపు, తట్టి చూచే విధము చూడదలచినవారు భోజనముల ముందు అక్కడికి దయచేయుడు. వంకాయలు కాలుతున్నవి.