మనకోసం రాసిన అక్షరాలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పది నిమిషాలు మాట్లాడమన్నారు. అయిదు చాలు. నేను చెప్పబోయేవి చదువుకుని తెలుసుకున్నవి కావు, ఎవరో ఒకరు మాటల్లో అంటే చెవిన పడ్డవి.

రైల్వే స్టేషనులో పసుపు బోర్డు మీద ఊరి పేరుతోపాటు ఒక అంకె ఉంటుంది. ఆ చోటు సముద్రమట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తున ఉందో చెప్పే అంకె అది. తెలియకపోయినా ఎవరికీ నష్టం లేదు. కానీ ఇలాంటి రాతే ఒకటి మన వంటింట్లోనూ ఉంది. అది తెలియకపోతే నష్టమే.

మా ఇంటికి గ్యాస్ బండ తెచ్చే అబ్బాయి ఓసారి దాన్ని దించుతూ, "అమ్మా, డేటు చూసుకోండి" అన్నాడు మా ఆవిడతో. బండకి డేటేమిటని ఇద్దరం వంగి చూశాం. పైన పట్టుకునే చుట్టు కింద నిలువు పట్టీలుంటాయి కదా, వాటి లోపలివైపు ఒక ఇంగ్లీషు అక్షరం, పక్కన రెండంకెలు. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే జూన్ దాకా, సి సెప్టెంబరు దాకా, డి డిసెంబరు దాకా. అంకెలు సంవత్సరం. బి 27 అని ఉంటే 2027 జూన్ ఆఖరుకల్లా ఆ బండను మళ్ళీ పరీక్షించాలని అర్థం. అది గ్యాస్ గడువు కాదు, ఇనుప బండ గడువు. దాటిపోయి ఉంటే వద్దని వేరేది అడగాలి.

ఆ పట్టీల మీదే ఖాళీ బండ బరువూ ఉంటుంది. దానికి 14.2 కిలోలు కలిపితే నిండు బండ తూగాలి. తూచి చూపించమని అడిగే హక్కు మనదే. మొహమాటం ఎందుకు?

ఇంకో సంగతి. ఈ గ్యాస్‌కి సొంత వాసన లేదు. లీకైతే మనకు తెలియాలనే ఆ కుళ్ళు వాసన కలుపుతారు. ఇది గాలికంటే బరువు, నేలబారున పేరుకుంటుంది. అందుకే వాసన రాగానే తలుపులు తీయాలి తప్ప స్విచ్చి ముట్టుకోకూడదు, ఫ్యాను వేయడానికైనా సరే.

మూడు పిన్నుల ప్లగ్గులో పై పిన్ను లావుగా, పొడుగ్గా ఎందుకుంటుందో మన క్లాసు ఎలక్ట్రీషియన్ చెప్పాడు. అది ఎర్తు. పెట్టేటప్పుడు ముందు తగలాలి, తీసేటప్పుడు ఆఖర్న వదలాలి, అందుకు పొడుగు. కరెంటున్న రంధ్రంలో దూరకూడదు, అందుకు లావు. ఇంత ఆలోచించి వాళ్ళు చేస్తే, మనం ప్లగ్గు లేదని రెండు వైర్లు సాకెట్లో దూర్చి అగ్గిపుల్లలు చెక్కుతాం! తడిచేతులతో గ్రైండరు దగ్గర నిలబడేది ఇంట్లో ఆడవాళ్ళు. ఆ అగ్గిపుల్లల సంగతి వాళ్ళకు తెలియదు.

మాత్రల అట్టమీద నిలువునా ఎర్ర గీత ఉంటే డాక్టరు చీటీ లేనిదే వాడకూడదని. దీనిమీద 2016లో కేంద్ర ఆరోగ్యశాఖ ప్రచారం కూడా చేసింది. ఈ సభలో డాక్టర్లున్నారు, మిగతాది వాళ్ళు చెప్తారు.

భోజనాల వేళయింది. వెనక వంటశాలలో ఉన్నవి 19 కిలోల పెద్ద బండలు. వాటిమీదా అక్షరాలున్నాయి. పొద్దున్నే చూసొచ్చాను, గడువు దాటినవి లేవు. నిశ్చింతగా తినండి.