ఇంటికి స్టీరియో: వాట్లకన్న మాట మిన్న

(సంఘ భవనమున జరిగిన వారపు సమావేశములో చేసిన ఉపన్యాస పాఠము)



షోలాపురములో విద్యుత్ పరికరముల వ్యాపారము చేయుచున్న మేము అంగడిలో నిత్యము వినుచుండు ప్రశ్న యొకటి కలదు. "ఇది ఎన్ని వాట్లది?" అని. "ఇందులో మాట స్పష్టముగా వినిపించునా?" అని అడుగువారు అరుదు. ఈ రెండవ ప్రశ్ననే మొదట అడుగవలెనని నేటి మా విన్నపము.

ఈ విషయము మన వంటి వారికి మరింత ముఖ్యము. మన పెద్దలు మగ్గమును నమ్ముకొని తెలంగాణము విడిచి ఈ ఊరు చేరి తరములు గడచినవి. మన పిల్లలలో పలువురు మరాఠీలోనో ఆంగ్లములోనో చదువుచున్నారు. వారికి తెలుగు పుస్తకము ద్వారా కన్న చెవి ద్వారానే ఎక్కువగా అందుచున్నది. ఇంట వినిపించు హరికథ, పద్యము, పాత సినిమా పాట, ఇవియే వారి తెలుగు వాచకములు. ఆ వాచకములో అక్షరములు చెరిగిపోయిన, వారు నేర్చునదేమి?

అక్షరములు చెరుగుట యెట్లో చెప్పెదము. మానవుని చెవి సెకనుకు 20 మొదలు 20,000 కంపనముల వరకు వినగలదు. వయసుతో పై హద్దు తగ్గుచుండును. పాతకాలపు టెలిఫోను 300 నుండి 3,400 వరకు మాత్రమే అందించుచుండెను. అందుచేతనే ఫోనులో పేరు చెప్పునపుడు అక్షరమక్షరము విడదీసి చెప్పవలసి వచ్చెడిది. సకారపు బలమంతయు దాదాపు 4,000 కంపనములకు పైననే యుండును. ఆ భాగమును సరిగా పలికింపని పెట్టెలో స, శ, ష లు మూడును ఒక్కటిగనే వినబడును. అట్టి పెట్టె ఎంత గట్టిగా మ్రోగినను ప్రయోజనము లేదు.

రెండవ కారణము మన వృత్తికి సంబంధించినది. మరమగ్గములు నడుచు గదిలో చప్పుడు 85 డెసిబెళ్లు దాటుట సామాన్యము. అట్టి చోట దినమునకు 8 గంటల చొప్పున ఏండ్ల తరబడి పనిచేసిన వారి చెవికి మొదట దూరమగునవి సన్నని ధ్వనులే. "మాట వినబడుచున్నది గాని తెలియుట లేదు" అని మన పెద్దలు అనుటకు కారణమిదియే. అపుడు ఇంటిలో శబ్దము పెంచుదురు. మిగిలిన వినికిడికిని అది చేటు. పోయిన వినికిడిని ఏ యంత్రమును తిరిగి తేజాలదు, వైద్యునికి చూపించుకొనవలెను. కాని స్పష్టమైన స్పీకరు తక్కువ శబ్దములోనే మాటను అందించును.

ఇక పరికరముల సంగతి. స్టీరియో అనగా రెండు మార్గములలో వచ్చు ధ్వని. ఆంగ్లేయుడైన ఆలన్ బ్లూమ్లైన్ 1931లో దీనికి పేటెంటు కోరెను. స్టీరియో గ్రామఫోను ప్లేట్లు 1958 నాటికి అంగళ్లకు వచ్చెను. దీనికి కావలసిన అంగములు మూడు: పాట నందించు పరికరము, దాని బలమును పెంచు ఆంప్లిఫయరు, ధ్వనిగా మార్చు స్పీకర్ల జంట. 100 రూపాయలు వెచ్చించదలచినచో 50 స్పీకర్లకు, 30 ఆంప్లిఫయరునకు, 15 పాట నందించు పరికరమునకు, 5 తీగలకు కేటాయింపుడని మేము చెప్పుచుందుము. ఇది శాస్త్రము కాదు, వ్యాపారానుభవము.

స్పీకరు నందు లావు ధ్వనులకు వూఫరును, సన్నని ధ్వనులకు ట్వీటరును ఉండును. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు గల గదికి 5 లేక 6 అంగుళముల వూఫరు చాలును. పెట్టెను వ్రేలి కణుపుతో తట్టి చూడుడు. డొల్లగా మ్రోగినచో పాట నడుమ ఆ పెట్టెయు తన పాట పాడునని యెరుగుడు. ఒకే ధనమునకు చౌకబారు స్పీకర్లు ఆరు వచ్చునన్నను, సంగీతమునకు మంచివి రెండే మేలు.

వాట్ల విషయములో మోసపోకుడు. అట్టపై పీ.ఎమ్.పీ.ఓ. అని వేలకొలది వాట్లు వ్రాయుదురు. ఆ లెక్కకు విలువ లేదు. ఆర్.ఎమ్.ఎస్. అను నిలకడ బలమునే అడుగుడు. 10 వాట్లను 20 చేసిన పెరుగునది 3 డెసిబెళ్లే. శబ్దము రెట్టింపైనట్లు చెవికి తోచుటకు 10 డెసిబెళ్లు, అనగా పదింతల వాట్లు కావలెను. వాట్లకన్న ముందు స్పీకరు యొక్క సెన్సిటివిటీని చూడుడు. ఒక వాటునకు, ఒక మీటరు దూరమున 90 డెసిబెళ్లిచ్చు స్పీకరు, 87 ఇచ్చు దానికన్న సగము బలముతోనే అంత శబ్దము చేయును. చిన్న గదిలో మనము వినునది చాల భాగము ఒకటి రెండు వాట్లలోపుననే.

ఆంప్లిఫయరును స్పీకరుతో జత కుదిరించుటలో ఓములు సరిచూడవలెను. ఆంప్లిఫయరుపై 8 ఓములకు తక్కువ తగదని వ్రాసియుండగా 4 ఓముల స్పీకరు తగిలించిన, అది వేడెక్కి చెడును. బలము చాలని ఆంప్లిఫయరును పూర్తిగా త్రిప్పి వాయించిన, వికృతమైన ధ్వనిచే ట్వీటరు కాలిపోవచ్చును. స్థలము తక్కువైన ఇండ్లకు ఆంప్లిఫయరు లోపలనే అమర్చిన స్పీకర్ల జంటలు కూడ అనుకూలములే.

పాట నందించుటకు నేడు చాలమందికి చేతిఫోనే ఆధారము. అది చాలును. ఫోనులోని అంకెలను విద్యుత్ తరంగములుగా మార్చు డాక్ అను చిన్న పెట్టెను తీగతో కలిపిన మరింత శుభ్రముగా నుండును. 1982లో వచ్చిన సీ.డీ.లు ఇంట నున్నచో పారవేయకుడు. వానిలోని ధ్వనికి లోపమేమియు లేదు. తాతల నాటి లక్క ప్లేట్లు గలవారికి ఒక హెచ్చరిక. నిమిషమునకు 78 చుట్లు తిరుగు ఆ ప్లేట్ల గాడి వెడల్పైనది. దానికి అంగుళములో వెయ్యింట 3 వంతుల ప్రమాణము గల సూది కావలెను. స్టీరియో ప్లేట్ల సూది దానిలో నాలుగవ వంతే. అది గాడి అడుగున దేకుచు బరబర శబ్దమే వినిపించును. సూది నుండి వచ్చు విద్యుత్తు వోల్టులో వేయింట కొన్ని వంతులే గనుక ఫోనో ఆంప్లిఫయరు వేరుగా నుండవలెను.

పాత తెలుగు పాటలు చాల వరకు ఒకే మార్గమున ముద్రించినవి. 1957 నాటి "మాయాబజార్" పాటలను స్టీరియోలో వాయించిన, ఘంటసాల గారి గొంతు కుడినుండి గాని ఎడమనుండి గాని రాదు. రెండు స్పీకర్లకు నట్టనడుమ, ఎదుట కూర్చుండి పాడినట్లు వినబడవలెను. అట్లు గాక గొంతు చెదరి, మృదంగము పలుచబడినచో ఒక స్పీకరుకు ఎర్రతీగయు నల్లతీగయు తారుమారైనవని యెరుగుడు. ఖర్చులేని పరీక్ష యిది.

గదియు ఒక అంగమే. రెండు స్పీకర్లకు నడుమ 6 అడుగులున్న, వినువారును ఒక్కొక్క దానికి 6 అడుగుల దూరమునే కూర్చుండవలెను. ట్వీటరు చెవి యెత్తున నుండవలెను. మూలకు నెట్టిన లావు ధ్వని గుబగుబలాడి మాటను మ్రింగును. గోడకు అడుగు దూరమైనను జరుపుడు. బండలు పరచి సున్నము కొట్టిన మన గదులలో ప్రతిధ్వని హెచ్చు. దానికి పరదేశపు సామాను అక్కరలేదు. నేలపై జంపఖానాయు, ఎదురుగోడపై మన షోలాపురపు దుప్పటి మడతలతో వ్రేలాడదీసిన, సన్నని ధ్వనుల ప్రతిధ్వని చాల వరకు అణగును.

కొనబోవునపుడు అంగడివాడు వాయించు దానిని విని మురియకుడు. మూడు ముద్రణలు మీరే తీసికొనిపొండు. మొదటిది, పద్యమో వార్తలో చదివిన గొంతు: స, శ, ష లు వేరుపడవలెను. రెండవది, మృదంగము: తొప్పి గంభీరముగా మ్రోగి వెంటనే ఆగవలెను. మూడవది, హరికథ: చిడతలు, గజ్జెలు గలగలలాడుచున్నను భాగవతారుని మాట మరుగున పడరాదు. అవ్వను, పిల్లవానిని వెంటబెట్టుకొని పొండు. అవ్వకు తక్కువ శబ్దములో అర్థమై, పిల్లవాడు విన్న మాటను తిరిగి తప్పులేక పలికినచో ఆ జంటను కొనుడు.

కడపట నొక ప్రార్థన. మన ఇండ్లలో పాత ప్లేట్లును, క్యాసెట్లలో పెద్దల గొంతులును అటకలపై పడియున్నవి. టేపు ఏటేట క్షీణించుచుండును. సంఘ భవనమునకు ఒక మంచి జంట స్పీకర్లు, 78 సూది గల యంత్రము సమకూర్చి, వానిని వినుటకును అంకెల రూపమున భద్రపరచుటకును ఏర్పాటు చేయుదమని కార్యవర్గమువారికి మనవి చేయుచున్నాము. అమర్చు పనికి మా అంగడి కూలి పుచ్చుకొనదు. మగ్గములు ఆగిన వేళ, ఆదివారము సాయంత్రము, మీ ఇంటి ప్లేట్లలో ఒకటి తెండు.