మరల నేర్చిన అడుగు

(హయత్‌నగరమున గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)

  

ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయము ముంగిట నిలిచి నాలుగు మాటలు చెప్పుమని నన్ను ఆదేశించినారు. నేను పండితుడను గాను. ముప్పదియేండ్లకు మించి పిల్లలచేత ఓనమాలు దిద్దించిన బడిపంతులను. చెప్పుటకు అలవాటుపడిన నోరు గనుక కాదనలేకపోతిని.

ఏమి చెప్పవలెనని కార్యదర్శిగారిని అడిగితిని. “సినిమాలను గూర్చి, నటీనటులను గూర్చి చెప్పినచో యువకులు లేచిపోక కూర్చుందురు” అని వారు నవ్వుచు సెలవిచ్చిరి. మన హయత్‌నగరమునకు ఆ విషయము పరాయిది కాదు. ఊరు దాటి విజయవాడ బాటను తూర్పుగా పోయినచో అనాజ్‌పురము చెంత 1996లో వెలసిన రామోజీ చిత్రనగరము కలదు. మండలముల హద్దులు మారకముందు అది మన మండలములోనిదే. నేను చెప్పబోవునది ఆ నగరము వెలయుటకు పదునొకండేండ్లు ముందుగా ఆ రామోజీరావుగారే నిర్మించిన ఒక చిత్రమును గూర్చి, అందు నటించిన ఒక నర్తకిని గూర్చి. ఆ చిత్రము పేరు “మయూరి”. 1985లో వచ్చినది. దర్శకులు సింగీతం శ్రీనివాసరావుగారు. సంగీతము కూర్చినవారు యస్.పి. బాలసుబ్రహ్మణ్యముగారు. నాయిక సుధాచంద్రన్. తెరపై ఆమె నటించినది తన కథనే.

పెద్దలకు ఈ కథ తెలియును. పిన్నలకొఱకు క్లుప్తముగా చెప్పెదను.

సుధాచంద్రన్ బొంబాయిలో పెరిగిన దక్షిణాది బాలిక. పసితనముననే భరతనాట్యము నేర్చి, అనేక ప్రదర్శనములిచ్చి, పదునారేండ్ల ప్రాయమునకే పేరుగన్నది. 1981లో తిరుచిరాపల్లి ప్రాంతమున ఆమె ప్రయాణము చేయుచున్న బస్సు ప్రమాదమునకు గురియైనది. ప్రాణము దక్కినది. తగిలిన గాయము సైతము మొదట పెద్దదిగా తోచలేదు. కాని పైన కట్టు వేసిన పిమ్మట లోన గాయము కుళ్ళినది. తుదకు ప్రాణరక్షణకై కుడికాలిని మోకాటి క్రింద తొలగింపవలసి వచ్చినది.

నాట్యము నేర్చిన పిల్లకు కాలు పోవుట యనగా ఏమి? తక్కినవారికి పోయినది నడక. ఆమెకు పోయినది భాష. వ్రాయుట తప్ప వేరొకటి ఎఱుగనివానికి కుడిచేయి పోయినట్లు.

ఇక్కడ ఒక చిన్న సంగతి జరిగినది. ఈ సభకు నేను ఈ కథను ఎన్నుకొనుటకు కారణమదియే. మంచముపై నున్న ఆ బాలిక ఒకనాడు ఒక పత్రికలో ఒక వ్యాసము చదివినది. జయపురమున డాక్టరు పి.కె. సేఠీ యను వైద్యుడు కలడనియు, కాళ్ళు పోయినవారికి ఆయన కృత్రిమపాదములు అమర్చుచున్నాడనియు, ఆ కృషికి 1981లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారము వచ్చినదనియు అందుండినది. ఆమె వెంటనే ఆయనకు లేఖ వ్రాసినది. తరువాత జయపురమునకు పోయి, “నేను మరల నాట్యము చేయగలనా?” యని అడిగినది. ఆయన చేయగలవని ధైర్యము చెప్పెను.

సోదరులారా, ఆ పత్రిక ఆ మంచముచెంతకు రాకపోయినచో, వచ్చియు ఆమె చదువకపోయినచో, తరువాతి కథ లేదు.

ఆ జయపుర పాదమును గూర్చి కొంచెము చెప్పవలెను. పాశ్చాత్య దేశముల కృత్రిమపాదము బూటులోపల నుండుటకు చేసినది. బూటు తొడిగి, కుర్చీలో కూర్చుండువానికి అది చాలును. మన రైతునకు అది పనికిరాదు. మనవాడు వట్టి కాళ్ళతో బురదలో దిగవలెను, గట్టు ఎక్కవలెను, గొంతుకూర్చుండవలెను, పీటపై బాసికపట్టు వేసి భోజనము చేయవలెను. ఈ చిక్కును గుర్తించినవారు ఇరువురు. ఒకరు డాక్టరు సేఠీ. రెండవవారు రామచంద్రశర్మ యను శిల్పి, పెద్ద చదువులు చదివినవాడు కాడు, చేతిపనిలో దిట్ట. వారు టైర్లకు రబ్బరు పోయు పనివాని సాయముతో రబ్బరు, కొయ్య కలిపి, చూపునకు మానవపాదమువలె నుండి, వంగుచు, తేమకు చెడక, చెప్పు లేకయే నడువగల పాదమును రూపొందించిరి. దాని వెలయు స్వల్పమే. ఒకరి శాస్త్రము, ఒకరి హస్తకౌశలము కలిసిన పని అది.

కాని పాదము దొరకుట వేరు, నాట్యము దొరకుట వేరు. భరతనాట్యమున నర్తకి మోకాళ్ళు ప్రక్కలకు వంచి, సగము కూర్చున్నట్లు నిలువవలెను. దానిని అరమండి యందురు. ఆ నిలుకడనుండి పాదమునెత్తి అరికాలితో నేలను చదునుగా తట్టవలెను. తొలి పాఠమైన తట్టడవు అదియే. నర్తకికి అరికాలు నేలతో మాటలాడును. ఎంత బలముగా తట్టినది, తాళమునకు ముందో వెనుకయో, నేల నునుపో గరుకో, అంతయు అరికాలే చెప్పును. రబ్బరు పాదము ఏమియు చెప్పదు. చీలమండ తాను తలచినట్లు తిరుగదు. ఒంటికాలిపై నిలిచిన సమయమున తూకము తప్పుచున్నదని హెచ్చరింపదు. ఆమెకు మోకాలు మిగిలినది గనుక అరమండికి అవకాశము మిగిలినది. తక్కినదంతయు మోకాటిపై పడు బరువు వలనను, చెవికి వినవచ్చు చప్పుడు వలనను తెలిసికొనవలసినదే.

ఆమె అభ్యాసము మొదలిడినది. మొండికాలు ఒరసికొని నెత్తురు కారెడిది. పాదము సరిపడక మార్పించుకొన్నది. ఏండ్ల తరబడి నేర్చిన పెద్ద పెద్ద అంశములను ప్రక్కనుంచి, చిన్నపిల్లవలె తొలి అడవునకు తిరిగివచ్చినది. పత్రికలవారు దీనిని అద్భుతమనిరి. బడిపంతులనగు నాకు ఇది అద్భుతముగా తోచదు. కుడిచేయి విరిగిన పిల్లవాడు ఎడమచేతితో మరల ఓనమాలు దిద్దుట నేను చూచినాను. వాని అక్షరము వంకర. వాని కన్నులలో నీరు. అయినను పలక దించడు. అద్భుతమన్నచో మనము చేయి ముడుచుకొని చూడవచ్చును. అభ్యాసమన్నచో మనకును పని పడును.

1984 జనవరి 28వ తేదీన బొంబాయిలో ఆమె మరల రంగమెక్కినది. ప్రమాదము జరిగి అప్పటికి రెండున్నర యేండ్లు దాటినది. నాటి రాత్రి తండ్రి ఆమె పాదములంటి నమస్కరించెనని ఆమెయే చెప్పియున్నది. కన్నవాడు బిడ్డ పాదములంటుట మన ఆచారము కాదు. ఆయన మ్రొక్కినది బిడ్డకు కాదు, ఆ పాదము వెనుకనున్న విద్యకు అని నేను భావింతును.

ఇక నటనమును గూర్చి. భరతముని అభినయమును నాలుగు తెఱగులుగా చెప్పెను: ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము. దేహముతో చేయునది ఆంగికము, మాటతో వాచికము, వేషముతో ఆహార్యము, లోపలి మనఃస్థితి కన్నీరుగా, కంపముగా, గద్గదముగా బయటికి వచ్చుట సాత్త్వికము. “మయూరి” ఆమెకు తొలి చిత్రము. ఆంగికములో విధి ఒక భాగమును కోసికొనిపోయిన పిదప ఆమె నటి యైనది. చిత్రమునకై కథలో కొంత కల్పన చేరినను, దాని గుండె మాత్రము ఆమె అనుభవమే.

తన దుఃఖమును తానే నటించుట సులభమని కొందఱందురు. నేను ఒప్పుకొనను. దుఃఖము వచ్చినపుడు మనుష్యుడు ఏడ్చును. అది నటన కాదు. దీపము వెలిగించినపుడు ఏడ్చి, చాలుననగానే ఆపి, బాగులేదు మరల అనగానే అదే పాళ్ళలో మరల ఏడ్చుటయే నటన. మానుచున్న గాయమును పనికొఱకు తెఱచి, పని తీరగానే మూసికొనవలెను. ఆమెకు నాట్యము నేర్పిన క్రమశిక్షణయే ఇక్కడ తోడుపడినదేమో. 1985వ సంవత్సరపు జాతీయ చలనచిత్ర పురస్కారములలో ఆమెకు ప్రత్యేక జ్యూరీ పురస్కారము లభించినది. మరుసటి యేడు ఆ కథయే హిందీలో “నాచే మయూరి”గా వచ్చినది. అందును ఆమెయే నాయిక.

తరువాతి సంగతి నాకు మఱింత ముఖ్యముగా తోచును. ఆమె 1994లో రవి దంగ్ అను సహాయ దర్శకుని వివాహమాడి గృహిణియై, దూరదర్శన ధారావాహికలలో నటించుచు వచ్చినది. 2001లో మొదలైన “కహీఁ కిసీ రోజ్” అను హిందీ ధారావాహికలో రమోలా సికంద్ అను క్రూరురాలైన అత్తగా ఆమె దేశమంతట ప్రసిద్ధి పొందినది. ఇండ్లలో స్త్రీలు ఆ పాత్రను తిట్టిరి, ఆ బొట్టును చూచి ముచ్చటపడిరి. ఆ కాలిని ఎవరును తలంపలేదు. “అయ్యో, కాలు లేని పిల్ల” అని చూచినవారే “అబ్బ, ఎంత గయ్యాళి” అని తిట్టుటకంటె ఒక నటికి గెలుపు ఏమి కావలెను?

అయినను లోకము అంత త్వరగా మఱచిపోనీయదు. 2021లో ఆమె ఒక విన్నపము చేసినది. విమానాశ్రయములలో సోదనకై ప్రతిసారి కృత్రిమపాదమును విప్పి చూపుమనుచున్నారనియు, అది మిక్కిలి బాధాకరమనియు, తనవంటివారికి ఒక ప్రత్యేక పత్రము ఇప్పింపవలెననియు ఆమె ప్రధానమంత్రిని వేడుకొన్నది. భద్రతాదళమువారు విచారము తెలిపిరి. నలువదియేండ్లు రంగముపై నిలిచిన స్త్రీని గుమ్మముకడ నిలిపి, తన లోపమును తానే బయటపెట్టుమనుట ఎట్టిదో ఆలోచింపుడు.

ఇతరులను అనుటకు ముందు నా తప్పు నేను చెప్పుకొనవలెను. 1980లో నేను క్రొత్త ఉపాధ్యాయుడను. పాఠశాల వార్షికోత్సవమునకు బాలికలచేత కోలాటము వేయించుచుంటిమి. పోలియో వలన ఒక కాలు సన్నబడిన బాలిక ఒకతె నాకడకు వచ్చి, “సార్, నేనును వేసెదను” అన్నది. నేను జాలిపడితిని. పడిపోవుదువేమో, నలుగురు నవ్వుదురేమో యని మంచిమాటలు చెప్పి, ఆమెను హార్మోనియము ప్రక్కన కూర్చుండబెట్టి తాళము వేయుమంటిని. ఆమె మాఱుమాటాడలేదు. ఉత్సవము ముగియువఱకు తాళము తప్పక వేసినది.

అయిదేండ్ల తరువాత పట్టణములో ఒక చిత్రశాలలో “మయూరి” చూచుచుండగా నాకు ఆ బాలిక తాళము వినబడినది. ప్రక్కవారు నాయికకై కన్నీరు తుడుచుకొనుచుండిరి. నేను నాకై తుడుచుకొంటిని. నాడు పడిపోవునేమో యని భయపడినది నేను, ఆమె కాదు. ఆమె ఏ ఊరికి కాపురమునకు పోయినదో, నేడు ఎట్లున్నదో నాకు తెలియదు. క్షమింపుమని అడుగు అవకాశము కలుగలేదు. కావున ఈ సభాముఖమున అడుగుచున్నాను.

నా విన్నపములు రెండు. మొదటిది పుస్తకములను గూర్చి. జయపురమున 1975లో స్థాపింపబడిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి నేటికిని ఉచితముగా కాళ్ళు అమర్చుచున్నది. ఇట్టి సమాచారము ఎచట దొరకినను కత్తిరించి మన గ్రంథాలయపు గోడపై అంటింపుడు. పెద్ద బాట ప్రక్కనున్న ఊరు మనది. ప్రమాదములు మనకు క్రొత్త కావు. ఏ మంచముచెంత ఏ కాగితము అవసరమగునో ఎవరికి తెలియును?

రెండవది ఈ భవనమును గూర్చి. మన గ్రంథాలయమునకు మూడు మెట్లు కలవు. ఇరువదియైదేండ్లుగా మనము వానిని సులభముగా ఎక్కుచున్నాము గనుక ఎన్నడును లెక్కింపలేదు. నేను ఈ ఉదయము లెక్కించితిని. చక్రముల కుర్చీలో వచ్చువారికి, కఱ్ఱ ఊతతో వచ్చువారికి ఆ మూడు మెట్లే మూసిన తలుపు. ప్రక్కగా ఒక వాలుబాట కట్టింపుడు. రజతోత్సవ చిహ్నముగా శిలాఫలకమునకంటె అది మేలు. దానికి నా వంతుగా ఒక నెల పింఛనును కార్యదర్శిగారికి ఈ సభలోనే సమర్పించుచున్నాను.