చెక్కినవాడి పేరు

 

మన భవనం ముందు కూర్చున్న రాతిపులిని మీరంతా చూశారు. దాని పక్కన ఫోటోలూ దిగారు. దాన్ని చెక్కింది ఎవరో మీలో ఎంతమందికి తెలుసు? తెలియకపోతే తప్పు మీది కాదు, మాది.

కమిటీలో మేము మొదట అడిగింది నిలబడి తోక పైకెత్తిన పులిని. మా హాస్టల్లో చదివి రాతిపని నేర్చుకున్న కుర్రాడు కాదన్నాడు. సున్నపురాయిలో పొరలుంటాయి, సన్నటి కాళ్లూ తోకా ఆ పొర వెంట విరుగుతాయి అన్నాడు. పులిని కూర్చోబెట్టి తోకను ఒంటికి చుట్టాడు. అమరావతి సున్నపురాతి శిల్పాల్లో స్తూపద్వారం దగ్గర సింహాలూ కూర్చునే ఉంటాయి. అడిగిందల్లా ఒప్పుకోకపోవడం కూడా పనితనమే.

పల్నాడు నుంచి రాయి వచ్చింది. 4 అడుగుల ఎత్తు, 3 అడుగుల పొడవు, 2 అడుగుల మందం, టన్నున్నరకు పైమాటే. సుత్తితో తట్టి విన్నాడు. ఖంగున మోగితే మంచి రాయి, మోగకపోతే లోపల పగులు. నీళ్లు పోసి చూశాడు. రాయంతా ఆరాక కూడా తడిగీత మిగిలితే అది పగులే. ఆ తర్వాతే బొమ్మ గీసి ఉలి పట్టాడు. దుమ్ములో పని చేసినన్నాళ్లూ మాస్కు తీయలేదు.

మధ్యలో పీఠం పెంచమన్నాం. అదనపు కూలి మాట మేము ఎత్తలేదు. కాగితం లేదు కాబట్టి అతనూ అడగలేదు. ఆవిష్కరణ రోజు ఫలకం మీద దాతల పేర్లున్నాయి, అతిథుల పేర్లున్నాయి, అతని పేరు లేదు. అతను జనం వెనక నిలబడి చప్పట్లు కొట్టాడు.

నాగార్జునకొండలో బోధిసిరి అనే ఉపాసిక క్రీ.శ. 3వ శతాబ్దంలో చైత్యగృహం కట్టించింది. ఆ శాసనం చివర రాతిపనివాడు విధికుడి పేరు కూడా ఉంది. 1700 ఏళ్ల కిందటివాళ్లకు తోచింది మాకు తోచలేదు.

తర్వాత బాకీ తీర్చాం, ఫలకం మార్చాం. అతని పేరు ఇక్కడ చెప్పం, వెళ్లి చదవండి.

రేపు మీరు రాయి చెక్కినా, గోడకు బొమ్మ వేసినా, ముందు కాగితం రాయించుకోండి. కొలతలెంత, రాయి ఖర్చు, క్రేను కిరాయి ఎవరివి, డబ్బు ఎప్పుడెంత, మార్పు అడిగితే అదనం ఎంత, మీ పేరు ఎక్కడ. మొహమాటపడకండి. అవతల ఉన్నది మేమైనా సరే.

సెలవు. జై ఆదివాసీ!