పడవ కన్నా ముందు నేర్పు

గుణదల నుంచి బందరు వెళ్లి సముద్రం చూశాక, ఇంటిల్లిపాదీ తెరచాప పడవ కొనుక్కుని దూరతీరాలు చుట్టిరావాలనిపించిందా? మంచి కోరికే. అయితే ముందు ‘తారిణి’ కథ వినండి.

గోవాలో తయారైన ఈ 17 మీటర్ల నౌకాదళ పడవలో ఆరుగురు మహిళా అధికారులు ప్రపంచాన్ని చుట్టారు. వారిలో విశాఖకు చెందిన పి.స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బి.ఐశ్వర్య ఉన్నారు. 2017 సెప్టెంబరు 10న బయలుదేరి, 2018 మే 21న తిరిగొచ్చారు. దారిలో స్టీరింగ్ మొరాయిస్తే మారిషస్‌లో ఆగి బాగుచేయించుకున్నారు. ఈ యాత్ర వెనుక ఏళ్ల శిక్షణ ఉంది.

కాబట్టి పడవ కొనేటప్పుడు రంగులు చూసి మురిసిపోకండి. అడుగుభాగం, తెరచాప కొయ్య, చుక్కాని నిపుణుడితో పరీక్ష చేయించండి. ఇంట్లో అందరూ ఈత, ప్రథమ చికిత్స నేర్చుకోండి. ఆ తర్వాతే లంగరు ఎత్తండి.