ఏ కాగితం రిజిస్టరు కావాలి?



నేను 1974లో రిజిస్ట్రేషన్ శాఖలో గుమాస్తాగా చేరి, ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. అందుచేత ఏ కాగితం రిజిస్టరు చేయించాలో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. చట్టం కంటే ముందు మా ఇంటి సంగతి ఒకటి మనవి చేస్తాను.

1976లో మా అక్కయ్య పెళ్ళికి మా నాన్నగారు పసుపు కుంకుమల కింద ఎకరం మాగాణి ఇస్తున్నట్లు స్టాంపు కాగితం మీద స్వహస్తంతో రాశారు. ఇద్దరు పెద్దమనుషులు సాక్షి సంతకాలు చేశారు. "రిజిస్టరు చేయిద్దాం నాన్నా" అనడానికి నాకు నోరు రాలేదు. కన్నతండ్రి మాటకు సర్కారు ముద్ర దేనికనుకున్నాను. అక్కయ్య అత్తవారింటికి వెళ్ళింది. పొలం మా సేద్యంలోనే ఉండిపోయింది. నాన్నగారు పోయాక పంపకాలలో మా అన్నయ్య "ఆ కాగితం చెల్లదు" అన్నాడు. ఆ చేతిరాత నాన్నగారిది కాదని ఎవరూ అనలేదు. అయినా చట్టప్రకారం అన్నయ్య మాటే నిజం.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షను ప్రకారం స్థిరాస్తి దానపత్రం, విలువ ఎంతైనా సరే, రిజిస్టరు కావలసిందే. వంద రూపాయలు, ఆపైన విలువగల స్థిరాస్తిపై హక్కు మార్చే విక్రయ, సెటిల్‌మెంటు, భాగపంపిణీ, హక్కు విడుదల దస్తావేజులూ అంతే. లేకుంటే 49వ సెక్షను ప్రకారం ఆ కాగితం వల్ల ఆస్తి చేతులు మారదు.

ఆఫీసులో దస్తావేజు తీసుకోవాలంటే ఆస్తిని గుర్తుపట్టే వివరాలు, అంటే సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు ఉండాలి. రాసిచ్చినవారు "ఇది రాసింది నేనే" అని ఒప్పుకోవాలి. రాసిన తేదీ నుండి నాలుగు నెలల్లో దాఖలు చేయాలి. తప్పనిసరి కారణముంటే జరిమానాతో మరో నాలుగు నెలల వరకు అవకాశముంది. మంచం పట్టినవారు కారణం చూపి కోరితే అధికారి ఇంటికే వస్తారు.

విల్లు సంగతి వేరు. దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, గడువు లేదు. ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రం ఉండి తీరాలి. సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు వద్ద దాచుకోవచ్చు. బతికున్నంతకాలం మార్చుకోవచ్చు. దానం, సెటిల్‌మెంటు అలా కాదు, ఇచ్చేశాక మనకు తోచినప్పుడు వెనక్కి తీసుకోలేము. ఉన్న ఒక్క ఇల్లూ రాసిచ్చే ముందు ఇది గుర్తుంచుకోండి.

మరొక్క మాట. రిజిస్టరైనంత మాత్రాన అమ్మినవాడికి హక్కున్నట్లు కాదు. హక్కు ఎవరిదో తేల్చేది సబ్ రిజిస్ట్రారు కాదు, సివిలు కోర్టు. కనుక కొనేవారు లింకు దస్తావేజులు, ఈసీ చూసుకోవాలి.

చివరకు నా వాటాలోంచి అర ఎకరం అక్కయ్య పేర సెటిల్‌మెంటు రాసి రిజిస్టరు చేయించాను. వేలిముద్ర వేసి వస్తూ "నాన్న రాసింది చాలలేదట్రా తమ్ముడూ?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఊళ్ళోవాళ్ళ దస్తావేజులన్నీ చూసినవాణ్ణి, మా ఇంటి కాగితం నాలుగు నెలలు ట్రంకు పెట్టెలో ఉండనిచ్చాను. మిగతా అర ఎకరం నేటికీ నా బాకీయే.

దయచేసి ఈరోజు ఇంటికి వెళ్ళగానే మీ పెట్టెలు తెరిచి కాగితాల తేదీలు చూసుకోండి.