నిశ్చితార్థపు ఫొటో

ఆదోనిలో పత్తి వ్యాపారము చేయు మా బంధువు ఒకరు ఆ మధ్య మా యింటికి వచ్చిరి. కుమార్తెకు సంబంధము కుదిరినది. వరుని వారిది ఎమ్మిగనూరు. నిశ్చితార్థమునకు ఇంక పదునైదు దినములే యున్నవి. "అన్నా, అయ్యవారితో మాట్లాడితిమి, వంటోళ్లకు బయానా ఇచ్చితిమి. ఆ ఫొటోల పిల్లోడు మాత్రం ఏమేం తీయల్లనో పట్టీ రాసియ్యమంటాండాడు. ఏం రాయల్ల?" అని అడిగిరి. నవ్వి ఊరకుండదగిన ప్రశ్న కాదని మాకు తోచినది. ఆ సంభాషణమే ఈ ప్రసంగమునకు మూలము.

మా పెద్దల కాలమున నిశ్చితార్థమనగా తాంబూలములు మార్చుకొనుట, లగ్నపత్రిక వ్రాయించుట. అందు కెమెరాకు చోటు లేదు. ఫొటో ఉన్నచో సంబంధము కుదురక పూర్వమే యుండెడిది. పిల్లను స్టూడియోకు తీసికొనిపోయి, రాజభవనపు మెట్లు చిత్రించిన తెర ముందు నిలువబెట్టి, ఒక్క ప్రతి తీయించి, వరుని వారికి పంపెడివారు. సంబంధము తప్పిపోయినచో ఆ ప్రతిని మధ్యవర్తి ద్వారా తిరిగి తెప్పించుకొనెడివారు. పిల్ల ఫొటో పరుల యింట ఉండరాదని తల్లుల పట్టుదల. ఈ జాగ్రత్త ఎంత పాతదో చూడుడు: సుప్రసిద్ధ ఛాయాచిత్రకారుడు రాజా దీనదయాళ్ 1892లో హైదరాబాదున స్త్రీలకై ప్రత్యేకముగా జనానా స్టూడియో తెరచినప్పుడు, అందు చిత్రములు తీయుటకు ఒక ఆంగ్లేయ వనితను నియమించెను. పరపురుషుని యెదుట నిలువని స్త్రీలు ఆమె యెదుట నిర్భయముగా కూర్చుండిరి.

నేడు తీసిన ఫొటోను తిరిగి తెప్పించుకొను ఉపాయము లేదు. ఒక్క గడియలో అది వేయి సెల్‌ఫోనులలోనికి పోవును. కనుక ముందుగా ఆలోచింపవలసినది చిత్రము అందమును గూర్చి కాదు, చిత్రము ఎవరిదను విషయమును గూర్చి. 1957 నాటి కాపీరైటు చట్టము 17వ సెక్షను ప్రకారము, రుసుము చెల్లించి తీయించుకొన్న ఫొటోపై మొదటి హక్కు తీయించుకొన్న వారిది. వేరు ఒప్పందము లేనప్పుడు మాత్రమే సుమా. ఆ వేరు ఒప్పందము రసీదు వెనుక చిన్న అక్షరములలో ఉండవచ్చును. మేమెరిగిన ఒక యింట నిశ్చితార్థమైన రెండు నెలలకు సంబంధము విడిపోయినది. తప్పు ఎవరిదో మనకు అక్కరలేదు. ఆ పిల్ల ఉంగరము తొడిగించుకొనుచున్న బొమ్మ మాత్రము ఫొటోలతని ప్రకటనలో ఏడాది పొడుగున నిలిచియుండెను. తండ్రి పోయి అడుగగా, ఆయనయే సంతకము చేసిన కాగితము చూపించిరి. కావున బయానా ఇచ్చునాడే "మా అనుమతి లేక ఎచ్చటను ప్రకటింపరాదు" అను ఒక్క వాక్యము వ్రాయించుకొనుడు. ఆ అనుమతి తండ్రిది మాత్రమే కాదు, పిల్లది కూడ.

ఇక వెలుతురు. పడమటి కర్నూలు ఎండ సంగతి మీకు చెప్పనక్కరలేదు. మిట్టమధ్యాహ్నము నడినెత్తిన సూర్యుడుండగా తీసిన ముఖములలో కన్నులు గుంటలవలె నల్లబడును. జరీ అంచు తళుక్కుమని ముఖమును మ్రింగివేయును. సూర్యోదయమైన గంటన్నర, అస్తమయమునకు ముందు గంటన్నర, ఇవియే ఫొటోకు శుభ ఘడియలు. ఇచ్చట పంచాంగము ఒక చిక్కు తెచ్చును. ఆదివారము రాహుకాలము సాయంకాలము 4.30 నుండి 6 వరకు, సోమవారము ఉదయము 7.30 నుండి 9 వరకు. అనగా బంధువులందరు తీరికగా నుండు ఆదివారమున చక్కని సాయంకాలపు వెలుగంతయు రాహువు పాలు. ఫొటోకు రాహుకాలమేమని యువకులు, ఉంగరముల చేతులతో ఆ వేళ వద్దని పెద్దలు వాదులాడుట మేము కన్నులార చూచితిమి. వాదము తెగులోపల చీకటి పడినది. బుధవారమైనచో రాహుకాలము మధ్యాహ్నము 12 నుండి 1.30 వరకు; ఆ వేళ వెలుతురు ఎట్లును పనికిరాదు. ఎవరికిని కోపము రాదు!

స్థలము విషయమున యువకుల మనస్సు కొండలపైన, నీటి యొడ్డున ఉన్నది. ఆదోని కోట కొండ, రాంజల చెరువు, ఎమ్మిగనూరు దాటి హంద్రీపై గాజులదిన్నె వద్దనున్న సంజీవయ్య సాగరము, ఈ మూడింటి పేర్లు మా బంధువుల యింట వినబడెను. మంచివే. కాని పట్టుచీర కట్టి, నగలు పెట్టి, కొండ మెట్లెక్కిన పిల్ల ముఖమున మిగులునది చెమటయే. ఎక్కవలసినచో నూలుచీరతో ఎక్కి, పైన మార్చుకొను చోటున్నదా యని ముందు రోజు ఎవరైన పోయి చూచి రావలెను. డ్రోన్ ఎగురవేయుదుమన్నచో, 2021 నాటి నియమముల ప్రకారము ఆ చోటు ఏ రంగు మండలములో నున్నదో ఫొటోలతనినే విచారింపుమనుడు. ఎరుపు మండలమున ప్రభుత్వ అనుమతి లేక ఎగురవేయరాదు. పురావస్తు శాఖ రక్షణలోని కట్టడములకు వేరు నిబంధనలున్నవి.

మేము వేరొక చోటు సూచించితిమి. వరుని తాతగారు మగ్గము నేసినవారు. ఎమ్మిగనూరు పేరు నిలిపినది ఆ మగ్గమే కదా. 1938లో మాచాని సోమప్పగారు అచ్చట నేతగాండ్ర సహకార సంఘము స్థాపించిరి. 1954లో భారత ప్రభుత్వము ఆయనను పద్మశ్రీతో గౌరవించినది. ఆ యింటి మగ్గపు గదిలో కిటికీ నుండి ప్రక్కగా పడు వెలుతురున్నది. అట్టి వెలుతురు కొరకే పట్టణపు స్టూడియోలవారు వేల రూపాయల దీపములు కొనుచున్నారు. పైగా నేత నూలుచీర మెరయదు, ముఖమును మెరయనిచ్చును. రెండు ఊళ్లకు నడుమ దూరము సుమారు 30 కిలోమీటర్లు. ఒక పూటలో పోయి రావచ్చును. పత్తి దిగుమతి కాలమున మాత్రము ఆదోని మార్కెట్టు దారిలో బండ్లు, లారీలు నిలిచిపోవును, ఒక గంట అదనముగా లెక్కించుకొనవలెను. పుష్యమాసములో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుని జాతర. ఆ దినములలో ఫొటోలతను దొరకుటయే కష్టము.

పట్టీ సంగతి మరచితిమి. దానిలో భంగిమలు వ్రాయకుడు, మనుష్యులను వ్రాయుడు. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడునంత వరకు ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనిది. నేటికిని బంధుత్వములు బళ్లారి, రాయచూరు వైపు విరివిగా నున్నవి. వారందరు రైలు దిగి వచ్చునప్పటికి పొద్దెక్కును, భోజనమైన వెంటనే తిరుగు రైలున్నదని లేతురు. వారితో కూడిన గుంపు ఫొటో విస్తర్లు వేయక పూర్వమే కావలెను. దీనిని మేము నష్టపడి నేర్చుకొన్నాము. మా తమ్ముని నిశ్చితార్థమున మూడువందల ఫొటోలు తీయించితిమి. ఉంగరములున్నవి, పూలదండలున్నవి, కేకు సయితమున్నది. మా అవ్వ లేదు. ఆమె లోపలి గదిలో చాపపై కూర్చుండి వక్కలు కత్తిరించుచుండెను, పిలుచువారు లేరైరి. మరుసటి వేసవిలో ఆమె గతించెను. గోడకు పెట్టుటకు ఫొటో కావలసివచ్చినప్పుడు రేషను కార్డులోని బొమ్మను పెద్దది చేయించితిమి.

మరియొక మాట. పూర్వము స్టూడియోలో నెగటివుపై పెన్సిలుతో ముడుతలు దిద్దెడివారు. నేడు యంత్రము ఒక్క మీటతో పిల్ల చాయనే మార్చివేయుచున్నది. మా బంధువుల పిల్ల చామనచాయ. "తెల్లగా చేస్తాం లే సార్" అని ఫొటోలతడు ఉదారముగా పలికెను. పిల్ల తలయెత్తి "వద్దు, నేనెట్లుంటే అట్లే రావల్ల" అనెను. తండ్రి మా వంక చూచిరి. మేము పిల్ల వంకనే చూచితిమి.

పట్టీ చివరకు ఆమెయే వ్రాసినది. నోటుపుస్తకపు సగము కాగితము. మొదటి వరుస: "అవ్వ, కుర్చీ మీద, పొద్దున 7 గంటలకు, మిద్దె మీద ఎండ రాకముందే."